సీసాలోంచి సీసాలోకి పోసి అమ్మే పురుగుమందు: జిల్లా వ్యవసాయ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మిద్దెతోటలు పెరిగాక మా ఊళ్లో కొన్ని షాపులు కొత్త పద్ధతి పట్టాయి. లీటరు డబ్బా విప్పి, యాభై, వంద మిల్లీలీటర్ల చొప్పున కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఇస్తున్నాయి. నాలుగు వంకాయ మొక్కలకు లీటరు ఎవరు కొంటారు? కొనేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ లేబుల్ మాత్రం షాపులోనే ఉండిపోతోంది.

డబ్బా మీది డైమండ్ గుర్తులో కింది సగం రంగే విషం తీవ్రత చెబుతుంది. ఎరుపు అత్యంత విషపూరితం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే ప్రమాదం లేదని కాదు, తక్కువని. ఏ పంటకు, ఎంత మోతాదు, కొట్టాక ఎన్ని రోజులకు కాయ కోయాలి, ఒంట్లోకి పోతే విరుగుడేమిటి, ఇవన్నీ లేబుల్, డబ్బాతో వచ్చే కరపత్రాల్లోనే ఉంటాయి. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందును కూరగాయలపై వాడకూడదు. పేరే లేని సీసాలో ఏముందో ఎలా తెలుస్తుంది? పిల్లలున్న ఇంట్లో అది మరీ టెన్షన్.

1968 పురుగుమందుల చట్టం మీ చేతిలో ఉంది. దయచేసి విడి అమ్మకాలపై తనిఖీలు చేయించండి. చిన్న ప్యాకింగులు తెప్పించమని డీలర్లకు చెప్పండి. కరపత్రం తెలుగులో, చదవగలిగే సైజు అక్షరాల్లో ఉండేలా కంపెనీలను అడగండి (ఇప్పుడున్నవి భూతద్దంతో కూడా కష్టమే). ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117 ప్రతి షాపు గోడ మీదా రాయించండి.

ఇట్లు,
ఒక మిద్దెతోట రైతు