ఆ నివేదికను అందుకోండి, మంత్రిగారూ

గౌరవనీయులైన విదేశాంగ మంత్రి శ్రీ ఎస్. జైశంకర్ గారికి,

నమస్కారం. భారత్, నేపాల్ ప్రముఖుల బృందం నివేదిక గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండు దేశాల సంబంధాలను సమీక్షించమని 2016లో రెండు ప్రభుత్వాలూ కలిసి వేసిన బృందమది. మనవైపు భగత్ సింగ్ కోశ్యారీ, అటువైపు భేఖ్ బహదూర్ థాపా నాయకులుగా నలుగురేసి చొప్పున కూర్చున్నారు. 1950 నాటి శాంతి, మైత్రి ఒప్పందం మొదలు వాణిజ్యం, సరిహద్దు దాకా చర్చించి 2018లో ఒక్క మాట మీదకొచ్చారు. ఆ నివేదిక నేటికీ ప్రధానుల చేతికి చేరలేదు. మనం అడిగి రాయించుకున్నదాన్ని మనమే తీసుకోకపోవడం నాకు బాధగా ఉంది.

నేపాల్‌కు సముద్రం లేదు. ఆ దేశపు సరుకు కోల్‌కతా రేవులోనో, మా విశాఖ రేవులోనో దిగి, రైలెక్కి బిహార్‌లోని రక్సౌల్ మీదుగా సరిహద్దు దాటి బీర్‌గంజ్ చేరాలి. 2015లో ఆ బీర్‌గంజ్ దారే మూతపడింది. ఏప్రిల్ భూకంపం దాదాపు తొమ్మిది వేల మందిని పొట్టనబెట్టుకున్న ఏడాది అది. సెప్టెంబరులో నేపాల్‌కు కొత్త రాజ్యాంగం వచ్చింది, అందులో తమకు అన్యాయం జరిగిందని దక్షిణ మైదానాల్లోని మధేశీలు రోడ్డెక్కారు, సరిహద్దులో లారీలు ఆగిపోయాయి. భారతే దిగ్బంధం పెట్టిందని నేపాల్ అంది, మేం పెట్టలేదని ఢిల్లీ చెప్పింది. మధేశీల గోడు నిజమే. కానీ గ్యాస్ బండ దొరక్క చలికాలంలో కట్టెల పొయ్యి రాజేసుకున్న కాఠ్‌మాండూ ఇల్లాలికి ఆ వివరణ దేనికి పనికొస్తుంది? మందుల కోసం తిరిగినవాళ్లకు? 2016 మార్చిలో నేపాల్ చైనాతో రవాణా ఒప్పందం చేసుకున్నది ఆ దెబ్బ తిన్నాకే.

మంచి జరగలేదని అనను. బిహార్‌లోని మోతీహారీ నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్‌కు 69 కిలోమీటర్ల పెట్రోలియం పైపులైను 2019లో మొదలైంది. పదేళ్లలో నేపాల్ నుంచి 10,000 మెగావాట్ల కరెంటు కొనే ఒప్పందం 2024 జనవరిలో మీరు కాఠ్‌మాండూలో ఉండగానే కుదిరింది. అయితే చైనా పెట్టుబడి ఉన్నా, చైనా కాంట్రాక్టరు కట్టినా ఆ ప్రాజెక్టు కరెంటు వద్దంటున్నాం. పెట్టుబడి విషయంలో భద్రత చూసుకోవాల్సిందే. కాంక్రీటు పోసి వెళ్లిపోయిన కంపెనీ ఎవరిదని ఆ కరెంటునూ కాదనడం మాత్రం అతి. కాంట్రాక్టర్ల వరకైనా ఈ నిబంధన సడలించండి.

నివేదికలో ప్రతి మాటా ఒప్పుకోమని అడగడం లేదు. తీసుకోండి, పార్లమెంటు ముందు పెట్టండి, నచ్చనిదేదో పేరుపెట్టి చెప్పండి. ఏడాది నోటీసు ఇచ్చి 1950 ఒప్పందం నుంచి తప్పుకునే హక్కు అందులోని పదో అధికరణమే నేపాల్‌కు ఇచ్చింది. ఇన్ని దశాబ్దాల్లో వాళ్లు దాన్ని వాడలేదు. కూర్చుని మార్చుకుందాం రమ్మనే అడుగుతున్నారు.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక పౌరుడు