గవర్నర్‌కి టికెట్ ఎవరిస్తున్నారో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

అమెరికా ఎన్నికల మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. డెమోక్రాట్లకు పట్టున్న రాష్ట్రంలో రిపబ్లికన్ గవర్నర్ మళ్ళీ గెలవడం దాదాపు అసాధ్యం అన్నట్టు రాశారు. అది సరికాదండీ. వెర్మాంట్ రాష్ట్రాన్నే తీసుకోండి. 2024 నవంబరులో అక్కడి జనం ఒకే రోజు, ఒకే బ్యాలెట్ మీద, అధ్యక్ష పదవికి డెమోక్రాట్ కమలా హారిస్‌కి 60 శాతానికి పైగా ఓట్లేశారు, సెనేట్‌కి, అంటే వాళ్ళ పార్లమెంటు పెద్దల సభకి, డెమోక్రాట్ల వైపే ఉండే బెర్నీ శాండర్స్‌ని మళ్ళీ పంపారు, గవర్నర్ దగ్గరికొచ్చేసరికి రిపబ్లికన్ ఫిల్ స్కాట్‌కి సుమారు 73 శాతం ఇచ్చారు. అక్కడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి, పైగా వెర్మాంట్‌లో రెండేళ్ళకోసారి ఎన్నిక. 2016 నుంచి 2024 దాకా వరసగా ఐదుసార్లు గెలిచాడాయన.

మన దగ్గర చూడండి. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో 2019లో పదికి పది సీట్లు వైసీపీకి, 2024లో పదికి పది టీడీపీకి. గాలి వీచిందంటే పనిచేసిన ఎమ్మెల్యే, పనిచెయ్యని ఎమ్మెల్యే అందరూ కలిసే కొట్టుకుపోతారు. మా కొండపి 2019 గాలికి తట్టుకుని నిలబడింది గానీ అలాంటివి ఎన్నని చెప్పగలం?

మా అమ్మాయి వాళ్ళు మసాచుసెట్స్ రాష్ట్రంలో బోస్టన్ దగ్గర ఉంటారు. 2018 ఎన్నికలప్పుడు మేం అక్కడే ఉన్నాం. ఎదురింటి ముందు గడ్డిలో రెండు బోర్డులు పాతి ఉన్నాయి, ఒకటి సెనేట్‌కి పోటీ చేస్తున్న డెమోక్రాట్ ఎలిజబెత్ వారెన్‌ది, పక్కనే గవర్నర్ చార్లీ బేకర్‌ది, ఆయనేమో రిపబ్లికన్. ఇంట్లో మొగుడొక పార్టీ పెళ్ళామొక పార్టీ కాబోలు అనుకున్నా. కాదట, ఇద్దరూ ఇద్దరికీ వేస్తారట. రైళ్ళు సరిగ్గా నడపడం, లెక్కలు చూసుకోవడం బేకర్‌కి తెలుసు, వాషింగ్టన్‌లో పోట్లాడ్డానికి వారెన్ కావాలి, ఇందులో తికమక ఏముంది అన్నాడు ఆ ఇంటాయన. ఆ ఎన్నికల్లో వారెన్‌కి 60 శాతం వస్తే బేకర్‌కి దాదాపు 67 శాతం వచ్చింది.

మరి అంత మెజారిటీతో గెలిచిన బేకర్ 2022లో అసలు పోటీయే చెయ్యలేదు. ట్రంప్‌ని ఆయన ఎన్నడూ సమర్థించలేదు, దాంతో 2021లో ట్రంప్ ఆ సీటుకి ఇంకొకాయన్ని, జెఫ్ డీల్‌ని, బలపరిచాడు. ఆ తర్వాత కొద్ది వారాలకే బేకర్ తప్పుకున్నాడు. తప్పుకోవడానికి అదొక్కటే కారణమని నేను అనను గానీ, చివరికి రిపబ్లికన్ టికెట్ డీల్‌కే వచ్చింది, డెమోక్రాట్ మౌరా హీలీ చేతిలో చిత్తుగా ఓడిపోయాడు.

మేరీల్యాండ్‌లోనూ అంతే. లారీ హోగన్ 2014, 2018లలో రెండుసార్లు గెలిచాడు, వరసగా మూడోసారికి అక్కడ రూల్ ఒప్పుకోదు. 2022లో ఆయన బలపరిచిన అభ్యర్థిని కాదని రిపబ్లికన్లు ట్రంప్ మనిషి డాన్ కాక్స్‌కి టికెట్ ఇచ్చారు. అక్కడ పార్టీలో పేరు రాయించుకున్న వాళ్ళకే ఆ పార్టీ ప్రైమరీలో, అంటే అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓటు, మధ్యస్థంగా ఉండేవాళ్ళకి మాటే లేదు. కాక్స్ ఘోరంగా ఓడాడు, డెమోక్రాట్ వెస్ మూర్ గవర్నర్ అయ్యాడు, హైదరాబాద్‌లో పుట్టిన మన అరుణా మిల్లర్ లెఫ్టినెంట్ గవర్నర్, అంటే ఉప గవర్నర్, అయింది. మన పత్రికలన్నీ సంతోషంగా రాశాయి, నేనూ ఎంతో సంతోషించాను. కానీ ఆ గెలుపు అంత తేలికైపోవడంలో అవతలి పార్టీ టికెట్ ఎవరికిచ్చిందన్న సంగతి కూడా ఉంది కదా, అది ఎవరూ రాయలేదే అని బాధగా ఉంటుంది.

వెర్మాంట్‌లో ఆ చిక్కు తక్కువ. ఓటరుగా పేరు రాయించుకునేటప్పుడు ఏ పార్టీ అని అడగరు, ప్రైమరీ రోజున ఎవరైనా ఏ పార్టీ బ్యాలెట్ అయినా తీసుకోవచ్చు. అందుకే స్కాట్ నిలబడగలిగాడు. 2018లో తుపాకుల మీద ఆంక్షలు పెట్టే చట్టాల మీద అసెంబ్లీ మెట్ల మీదే, అందరి ముందూ సంతకం చేశాడు. తనకి ఓటేసిన వాళ్ళే ఎదురుగా నిలబడి ద్రోహి అని అరిచారు. ఆ ఏడాది ఆయనకి వచ్చింది 55 శాతమే. 2020లో బైడెన్‌కి ఓటేశానని బాహాటంగా చెప్పాడు, అప్పుడు 68 దాటింది. మన దగ్గర ఇలా చేసిన మనిషికి మర్నాడు బి-ఫారం ఎవరిస్తారు చెప్పండి? టికెట్ ఇచ్చేది హైకమాండ్ అయినప్పుడు ఎమ్మెల్యే హైకమాండ్ మొహమే చూస్తాడు, ఊరి మొహం చూడడు.

ఇక మళ్ళీ గెలిచే అవకాశాల సంగతి. 2026 నవంబరులో వెర్మాంట్‌లో మళ్ళీ ఎన్నిక ఉంది. స్కాట్ నిలబడితే గెలుస్తాడనే నా లెక్క. 2024లో స్కూళ్ళ ఖర్చు కోసం ఇంటి పన్ను సగటున దాదాపు 14 శాతం పెరుగుతుంటే ఆయన వీటో చేశాడు, డెమోక్రాట్లు వీటోని కొట్టేసి పన్ను పెంచారు, నవంబరు ఎన్నికల్లో అసెంబ్లీలో వాళ్ళకున్న మూడింట రెండొంతుల మెజారిటీ పోయింది. జనం అది మర్చిపోరు. కాకపోతే మెజారిటీ తగ్గొచ్చు. చిన్న చిన్న స్కూలు జిల్లాలన్నీ (బడుల పాలన చూసే ప్రాంతాలు) కలిపి పెద్దవి చెయ్యాలని 2025లో ఆయన చట్టం తెచ్చాడు, పల్లెల్లో దాని మీద కోపం ఉంది. మన దగ్గర ప్రభుత్వం జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని హైస్కూళ్ళకి పంపినప్పుడు తల్లులు బడి గేటు దగ్గర ఎలా తగాదా పడ్డారో నేను చూశాను. బడి దూరమైతే ఓటు కూడా దూరమవుతుంది, అది టంగుటూరైనా వెర్మాంట్ అయినా ఒకటే.

ఇంకో మాట. గవర్నర్‌గా వచ్చిన మంచిపేరు ఆ కుర్చీ దాటి రాదు. హోగన్ 2024లో సెనేట్‌కి నిలబడితే అదే మేరీల్యాండ్ జనం ఓడించారు, ఎందుకంటే అక్కడ లెక్క వాషింగ్టన్‌లో ఏ పార్టీకి బలం అని. కాబట్టి ఈసారి గవర్నర్ ఎన్నికల గురించి రాసేటప్పుడు రిపబ్లికన్లదైతే ఎరుపు రాష్ట్రం, డెమోక్రాట్లదైతే నీలం రాష్ట్రం అని రంగులేసి వదిలెయ్యకుండా, ప్రైమరీలో ఎవరికి ఓటుంది, ఇంటి పన్ను ఎంత పెరిగింది, బడులు ఏమవుతున్నాయి, ఇవి కూడా రాయండి. మా పిల్లలు ఉంటున్నది అక్కడే, మాకు ఇంగ్లీషు పేపర్లు అందుబాటులో లేవు.

ఇట్లు,
రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
టంగుటూరు, ప్రకాశం జిల్లా