దాపటి వైపు దిగివచ్చేవాడు

నెల్లూరు,
ఆదివారం రాత్రి.

ప్రియమైన బావకు,

పోయిన వారం నువ్వు ఫోనులో అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పనందుకు ఏమీ అనుకోవద్దు. రెండు మాటల్లో తేలే సంగతి కాదు కనుక ఉత్తరానికి దాచుకున్నాను. ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ ఆటలో 4-2-4, అంటే వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు ఉండే అమరిక పెట్టి గెలవడం కుదిరే పనేనా, నలుగురిని ముందుకు తోలేస్తే వెనక ఇల్లు గుల్ల కాదా అని కదా నీ సందేహం. రెండు నెలలుగా ప్రతి రాత్రీ అన్నం తిన్న తరువాత నేను కూర్చుంటున్నది ఆ ఒక్క పని మీదే. కుదురుతుంది బావా. కాకపోతే ముందున్న ఆ నలుగురిని చూసుకుని మొదలుపెట్టిన వాడికి కుదరదు. మధ్యలో ఉన్న ఇద్దరినీ, ఎడమ అంచున ఉన్న ఒక్కడినీ ముందుగా కుదుర్చుకున్న వాడికే కుదురుతుంది.

నేను మొదట చేసింది పూర్తిగా తప్పు. ఇంగ్లండులో నాలుగో అంచె లీగులో ఆడే ఒక చిన్న జట్టును తీసుకుని, చేరిన రోజే టాక్టిక్స్ పేజీలో 4-2-4 తెరిచాను. ఇద్దరు స్ట్రైకర్లకూ అందరికంటే ముందుండే అడ్వాన్స్‌డ్ ఫార్వర్డ్ పాత్ర ఇచ్చాను, అంచుల్లో ఆడే ఇద్దరు వింగర్లకూ అటాక్ డ్యూటీ, అంటే ముందుకు పోయే పని ఇచ్చాను, వెనక అంచుల్లో ఉండే ఫుల్‌బ్యాక్‌లను పైకి పోయే వింగ్‌బ్యాక్‌లుగా మార్చి వాళ్లను కూడా అటాక్‌లోనే పెట్టాను. మధ్యలో ఒకడు బాల్ విన్నింగ్ మిడ్‌ఫీల్డర్, మరొకడు బాక్స్ టు బాక్స్ మిడ్‌ఫీల్డర్. ఆపైన జట్టు ఎంత దూకుడుగా ఆడాలో చెప్పే మెంటాలిటీని వెరీ అటాకింగ్‌కు జరిపాను. దాడి చేసే అమరిక అన్నాక అందరూ దాడి చేయాలనే నా లెక్క. మొదటి 7 మ్యాచుల్లో మా వాళ్లు 13 గోల్స్ కొట్టి 19 ఇచ్చుకున్నారు.

ఓడిన మ్యాచులను ఆటగాళ్లను చుక్కలుగా చూపే 2డి కెమెరాలో మళ్లీ మళ్లీ తిప్పి చూశాను. త్రీడీలో ఆటగాళ్ల పరుగులు కంటికి ఇంపుగా ఉంటాయి గానీ ఖాళీ స్థలాలు కనబడవు, అవి చుక్కల్లోనే తెలుస్తాయి. పాస్ తప్పిన మరుక్షణం బాల్ విన్నింగ్ మిడ్‌ఫీల్డర్ తన చోటు విడిచి బంతి ఎటుంటే అటు పరుగెత్తుతున్నాడు, బాక్స్ టు బాక్స్ వాడేమో అప్పటికే అవతలి పెనాల్టీ బాక్సులో ఉన్నాడు. ఎదుటి జట్లలో ఎక్కువ భాగం మధ్యలో ముగ్గురితో ఆడుతున్నాయి కనుక, ఆ ముగ్గురిలో ఎవడో ఒకడు మైదానం నడిబొడ్డున ఒంటరిగా తలెత్తి, ఎక్కడికి పాస్ ఇవ్వాలా అని తీరికగా చూసుకుంటున్నాడు. చెరువుకు నాలుగు వైపులా కట్ట ఎత్తుగా పోసి తూము మాత్రం తెరిచి వదిలేసినట్లు ఉంది నా జట్టు. నీళ్లన్నీ ఒక్క చోటి నుంచే పోతున్నాయి.

అప్పుడు ఆటను పక్కన పెట్టి, ఈ అమరికను ప్రపంచానికి చూపించిన వాళ్లు ఎలా ఆడారో చదవడం మొదలుపెట్టాను. 1958లో స్వీడన్‌లో జరిగిన ప్రపంచ కప్పులో విసెంటే ఫియోలా శిక్షణలో బ్రెజిల్ 4-2-4 ఆడి, ఫైనల్లో ఆతిథ్య జట్టును 5-2తో ఓడించి మొదటిసారి కప్పు గెలిచింది. ఇంతవరకు మనిద్దరికీ తెలిసిందే. 17 ఏళ్ల పెలే ఆ రోజు రెండు గోల్స్ కొట్టాడనీ, కుడి అంచు నుంచి గరించా తెచ్చి ఇచ్చిన బంతులను వావా రెండుసార్లు దాదాపు ఒకే తీరులో గోల్‌లోకి నెట్టాడనీ చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. నేను గమనించకుండా వదిలేసిన లెక్క ఇంకొకటి ఉంది. సెమీఫైనల్‌కు ముందు ఆడిన నాలుగు మ్యాచుల్లో ఆ జట్టు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆస్ట్రియాపై 3-0, ఇంగ్లండుతో 0-0, సోవియట్ యూనియన్‌పై 2-0, వేల్స్‌పై 1-0. దాడికి మారుపేరుగా చెప్పుకునే ఫార్మేషన్ నాలుగు మ్యాచుల పాటు తలుపు మూసి ఉంచింది బావా! ఆ వరస చూసిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

దీనికి కారణం ఆ అమరిక పుట్టుకలోనే ఉంది. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన మారి, ఫార్వర్డుకూ గోల్ లైనుకూ మధ్య ఉండవలసిన ప్రత్యర్థుల సంఖ్య ముగ్గురి నుంచి ఇద్దరికి తగ్గడంతో గోల్స్ వరద మొదలైంది. దానికి అడ్డుకట్టగా ఆర్సెనల్‌లో హెర్బర్ట్ చాప్‌మన్ సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి ముగ్గురు డిఫెండర్ల డబ్ల్యుఎం పద్ధతిని స్థిరపరిచాడు. తరువాత హంగరీ వాళ్లు హిడెగ్‌కుటిని సెంటర్ ఫార్వర్డ్ చోటు నుంచి కిందికి దించి, జకారియాష్‌ను డిఫెండర్ల సరసకు జరిపి, బోజిక్ చేతిలో ఆట నడిపే పని పెట్టి, 1953 నవంబరు 25న వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో ఓడించారు. కిందికి దిగిన ఆ హిడెగ్‌కుటియే మూడు గోల్స్ కొట్టాడు. ఎంత వెనక వరకు వెంటపడాలో తెలియక ఇంగ్లండు డిఫెండర్ తికమకపడ్డాడు. హంగరీ దేశస్థుడైన కోచ్ బేలా గట్‌మన్ 1957లో బ్రెజిల్ వెళ్లి సావ్ పావ్లో జట్టును రాష్ట్ర చాంపియన్‌గా నిలిపాడు. ఈ వరసంతా చూస్తే 4-2-4లో కొత్తదనం ముందున్న నాలుగో వాడిలో లేదు, వెనకకు వచ్చిన నాలుగో డిఫెండర్‌లో ఉంది. అంతకుముందు రోజుల్లో ముందు ఐదుగురు ఆడిన వాళ్లే కదా వీళ్లంతా!

ఇక్కడ మన వాళ్ల మాట కూడా చెప్పాలి. భారత జట్టుకు 4-2-4 నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. మన పక్కనే ఇంత జరిగి ఉండగా మన బడిలో ఒక్కరూ ఆయన పేరు చెప్పకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. నా జట్టు అమరికను సేవ్ చేసుకున్న పేరు కూడా ‘రహీం సాబ్’ అనే.

ఇక నువ్వు నీ సేవ్‌లో పెట్టుకోవలసిన తీరు. మనిద్దరి దగ్గరా ఉన్నది 2024 కూర్పే కనుక ఈ పేర్లన్నీ నీకూ అలాగే కనిపిస్తాయి. అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసినది, ఈ కూర్పులో మనం గీసే అమరిక బంతి ఎదుటివాళ్ల దగ్గర ఉన్నప్పుడు మన మనుషులు నిలిచే చోట్లను చెబుతుంది. బంతి మన చేతికి వచ్చాక ఎవరు ఎటు కదలాలో చెప్పేవి పాత్ర, డ్యూటీ. నేను ముందు నలుగురిని గీసి సంబరపడ్డానంటే, బంతి లేని వేళ కూడా నలుగురిని పైనే నిలబెట్టుకున్నానన్న మాట. ఈ ఒక్క సంగతి తెలియకే ఆ 19 గోల్స్ ఇచ్చుకున్నాను.

మధ్య ఇద్దరి సంగతికి వచ్చేసరికి నాకు కందుకూరు దగ్గర మా అమ్మమ్మగారి ఊరిలో తాతయ్య ఎడ్ల జత గుర్తుకు వచ్చింది. నువ్వు సంక్రాంతికి మాతో వచ్చినప్పుడు బండలాగుడు పోటీలో చూశావు. రెండు ఎడ్లూ ఒకే తీరువైతే జత కుదరదనీ, దాపటి ఎద్దును వలపట కడితే రెండూ చెడతాయనీ ఆయన అనేవారు. ఇక్కడా అంతే. బ్రెజిల్‌కు దీదీ ఆట నడిపేవాడు, జీతో చోటు కాచేవాడు. అందుకని ఒకడిని వెనక నుంచి ఆట నడిపే డీప్ లయింగ్ ప్లేమేకర్‌గా సపోర్ట్ డ్యూటీలోనూ, రెండో వాడిని మామూలు సెంట్రల్ మిడ్‌ఫీల్డర్‌గా డిఫెండ్ డ్యూటీలోనూ పెట్టు. బాల్ విన్నింగ్ పాత్ర పేరు చూసి నాలాగా మోసపోవద్దు, ఇద్దరే ఉన్న చోట బంతి వెంట పరుగెత్తే మనిషి ఎంత బలవంతుడైనా పనికిరాడు. కాపలా ఉండేవాడిని కొనేటప్పుడు టాక్లింగ్ కంటే ముందు పొజిషనింగ్, యాంటిసిపేషన్, స్టామినా చూడు. మా జట్టులో ఆ చోటికి 33 ఏళ్ల ఆటగాడిని జీతం తక్కువకు తెచ్చుకున్నాను. పరుగు లేదు, కానీ నిలవవలసిన చోటు తెలిసినవాడు. ఈ సీజన్‌లో మా జట్టు మొత్తానికి నాకు అందరికంటే ఇష్టమైన ఆటగాడు అతనే.

ఎడమ అంచు అసలైన కీలకం. బ్రెజిల్ జట్టులో ఎడమ వింగర్ జగాలో బంతి పోయిన ప్రతిసారీ మధ్య వరసకు దిగివచ్చేవాడు. కాగితం మీద 4-2-4 అని రాసినా, మైదానంలో అతని పరుగుతో అది 4-3-3 అయ్యేది. 1962లో చిలీలో బ్రెజిల్ మళ్లీ కప్పు గెలిచే నాటికి ఆ మార్పు బాహాటంగానే కనిపించింది. కాబట్టి ఆటలో ఎడమ వింగర్ గుర్తును పై వరస నుంచి ఒక గడి కిందికి, మిడ్‌ఫీల్డ్ వరసలోకి దించు. అక్కడ అతనికి వైడ్ మిడ్‌ఫీల్డర్ పాత్ర, సపోర్ట్ డ్యూటీ ఇవ్వు. పక్కన చూపే ఫార్మేషన్ పేరు మారిపోతుంది, దాన్ని పట్టించుకోవద్దు. వర్క్ రేట్, టీమ్‌వర్క్, స్టామినా మూడూ బాగా ఉన్నవాడే ఈ చోటికి తగినవాడు, డ్రిబ్లింగ్ కాస్త తగ్గినా ఫరవాలేదు. కుడి వైపు వింగర్‌ను మాత్రం పైనే వదిలి అటాక్ డ్యూటీ ఇవ్వు, అది గరించా చోటు. అతను వెనక్కి రాడు కాబట్టి అతని వెనకనున్న కుడి ఫుల్‌బ్యాక్‌కు డిఫెండ్ డ్యూటీ తప్పనిసరి. ఎడమ ఫుల్‌బ్యాక్‌కు సపోర్ట్ ఇచ్చి స్వేచ్ఛగా వదలవచ్చు, ముందు దిగివచ్చేవాడు ఉన్నాడు కనుక. నిల్టన్ సాంటోస్ అదే వైపు నుంచి ముందుకు పోయి ఆస్ట్రియా మీద గోల్ కొట్టాడు మరి.

స్ట్రైకర్లలో ఒకడు అడ్వాన్స్‌డ్ ఫార్వర్డ్, మరొకడు కాస్త కిందికి దిగి ఆడే డీప్ లయింగ్ ఫార్వర్డ్. ఈ రెండో వాడు మధ్య ఇద్దరికీ కుడి వింగర్‌కూ నడుమ వంతెనలా ఉంటాడు. సెంటర్‌బ్యాక్‌లను మామూలు డిఫెండ్‌లోనే ఉంచు. మెంటాలిటీ పాజిటివ్ చాలు. ఎదుటివాళ్లను ఎక్కడి నుంచి అడ్డుకోవాలో చెప్పే లైన్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్‌ను మిడ్ బ్లాక్‌లో, అంటే మైదానం మధ్యలో పెట్టి డిఫెన్సివ్ లైనును స్టాండర్డ్‌లో ఉంచితే వరసల మధ్య ఎడం తగ్గుతుంది. బంతి పోయినప్పుడు ఎవరి చోటికి వాళ్లు తిరిగి చేరే రీగ్రూప్ ఎంచుకో. ఎదుటివాళ్ల సగంలోనే బంతి కోసం ఎగబడే హై ప్రెస్ మోజు ఇప్పుడు అందరికీ ఉంది గానీ, మధ్యలో ఇద్దరే ఉన్న జట్టు పైకి ఎగబడి ఒక్క పాస్‌తో దాటిపోతే ఇక పట్టుకునేవాడు ఉండడు. బంతి దొరికాక మాత్రం ఆలస్యం చేయకుండా కుడి అంచుకు పంపమని చెప్పు, త్వరగా క్రాస్ చేయమనే ఆదేశం కూడా పెట్టు.

ఇన్ని పెట్టినా వెంటనే ఫలితం రాదు. ఆటగాళ్లకు అమరిక ఎంత అలవాటైందో చూపే టాక్టికల్ ఫెమిలియారిటీ గడులు నిండటానికి వారాలు పడతాయి, నేను సీజన్ మధ్యలో మార్చినందువల్ల ఇంకో మూడు మ్యాచులు ఓర్చుకోవలసి వచ్చింది. నువ్వు ప్రీ సీజన్ స్నేహపూర్వక మ్యాచుల్లోనే మొదలుపెట్టు. ఆ మూడూ గడిచాక ఇప్పటికి 15 మ్యాచులు ఆడాము, 31 గోల్స్ కొట్టి 12 ఇచ్చాము, 5వ స్థానంలో ఉన్నాము. నిన్న రాత్రి మ్యాచులో 80వ నిమిషంలో మా ఎడమ వాడు మన పెనాల్టీ బాక్సు అంచున బంతి లాక్కుని ప్లేమేకర్‌కు ఇస్తే, అక్కడి నుంచి మూడే పాసుల్లో గోల్ అయింది. గోల్ కొట్టినవాడి పేరు తెర మీద మెరిసింది. ఎడమ వాడి పేరు ఎక్కడా రాలేదు.

ఆ క్షణంలో నాకు వీఆర్సీ మైదానం కళ్ల ముందు కదిలింది బావా. సాయంకాలాలు మనం ఆడిన రోజుల్లో నేను ఎప్పుడూ గోల్ దగ్గరే నిలబడి బంతి కోసం అరుస్తూ ఉండేవాడిని, నువ్వు ఎడమ అంచున పైకీ కిందికీ తిరుగుతూ చొక్కా పిండుకునేవాడివి. గోల్స్ లెక్క నా పేరున పడేది. మన పీఈటీ సారు ఒకసారి నిన్ను చూపించి ‘వీడు లేకపోతే మీరు నలుగురే ఆడుతున్నట్లు’ అంటే, ఆయన ఏమంటున్నారో ఆ రోజు నాకు అర్థం కాలేదు. ఇన్నేళ్ల తరువాత ఒక ఆటలో 19 గోల్స్ ఇచ్చుకుని, జగాలో గురించి చదివి, అప్పుడు గాని తెలియలేదు.

వచ్చే శనివారం పట్టికలో మొదటి స్థానంలో ఉన్న జట్టుతో వాళ్ల మైదానంలో మ్యాచ్ ఉంది. వాళ్లు మధ్యలో ముగ్గురితో ఆడతారు, పైగా వాళ్ల కుడి ఫుల్‌బ్యాక్ చాలా పైకి వస్తాడు. మా ఎడమ వాడికి పిక్క పట్టేసి రెండు వారాలు దూరమయ్యాడు. ఆ చోటికి 19 ఏళ్ల కుర్రవాడు ఒకడున్నాడు, 20కి వర్క్ రేట్ 16 గానీ స్టామినా 9 మాత్రమే. అతన్ని 60 నిమిషాల వరకు ఆడించి మార్చనా, లేక ఎడమ ఫుల్‌బ్యాక్‌నే ఒక వరస పైకి జరపనా? ఆ చోటులో నిలబడి ఆడినవాడివి నువ్వు కాబట్టి నీ మాట విని నిర్ణయిస్తాను. మ్యాచ్ ఆడకుండా ఆపి ఉంచుతాను, శుక్రవారం లోగా జవాబు రాయి.

ఇట్లు,
నీ బావ