మన కాలనీ సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది నీళ్ల సర్వే సంగతి

సభ్యులందరికీ నమస్కారం. జనరల్ బాడీలో రిపోర్ట్ చదవాలి కాబట్టి రాస్తున్నా. బోనాలు, జెండా పండగ, దోమల మందు ఎప్పట్లాగే అయ్యాయి, చందాలిచ్చినవాళ్లకి, టెంటు కిరాయి వదిలేసిన షాపాయనకి, మీటింగులకి చాయ్ పంపిన బి బ్లాక్ అక్కలకి పేరుపేరునా థాంక్స్.

గర్వంగా చెప్పుకునేది మాత్రం కృష్ణా వాటర్ సర్వే. ఇన్నాళ్లూ ఫారాలు పంచి "సరిపోతున్నాయి, అంతంతమాత్రం, సరిపోవట్లేదు" అని మూడు మొత్తాలు కూడి ఫైల్లో పడేసేవాళ్లం. ఈసారి మన రిటైర్డ్ స్టాటిస్టిక్స్ మాస్టారు క్రాస్ టాబ్ వేయించారు, అంటే పక్కకి జవాబులు, కిందకి ఓనర్లు, కిరాయిదార్లు, ఒక్కో గడిలో ఎంతమందో. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ పెడితే ఐదు నిమిషాల పని, కానీ శాతం దేనిమీద తీయాలన్న దగ్గరే అందరం బోల్తా పడ్డాం. మాస్టారు టైటానిక్ లెక్క చూపించారు. బతికిన 711 మందిలో ఫస్ట్ క్లాస్ 203, థర్డ్ క్లాస్ 178, అంటే 29 శాతం, 25 శాతం, పెద్ద తేడా ఏముంది అన్నాం. ఫస్ట్ క్లాస్‌లో ఎక్కిందే 325 మంది, థర్డ్ క్లాస్‌లో 706, ఇప్పుడు చూడండి అన్నారు. 62 శాతం, 25 శాతం! ఏ గ్రూపు శాతం ఆ గ్రూపు మొత్తం మీదే తీయాలట.

మన టేబుల్లో కిరాయిదార్లే ఎక్కువగా "సరిపోవట్లేదు" అన్నారు, ఓనర్లు నీళ్లు ఆపుకుంటున్నారని గొడవ మొదలవ్వబోయింది కూడా. ఫ్లోర్ల వారీగా విడగొడితే కింద ఓనరైనా కిరాయిదారైనా ఒకటే మాట, పైనా అంతే. కిరాయికుండేవాళ్లు ఎక్కువమంది పై ఫ్లోర్లలో ఉన్నారు, ప్రెజర్ అక్కడిదాకా ఎక్కట్లేదు, అదీ సంగతి. కై స్క్వేర్ (తేడా నిజంగా ఉందా, ఊరికే అలా పడిందా అని చూసే పరీక్ష) వేద్దామంటే కొన్ని గడుల్లో రావాల్సిన సంఖ్య (పక్క మొత్తం ఇంటూ కింది మొత్తం, బై అందరి మొత్తం) 5 కన్నా తక్కువొచ్చింది, అలా వస్తే ఆ పరీక్షని నమ్మలేమట, అందుకే "అంతంతమాత్రం"ని "సరిపోవట్లేదు"లో కలిపాం. సర్దుబాటే, ఒప్పుకుంటున్నా.

ఇంటింటికీ తిరుగుతామని చేతులెత్తినవాళ్లలో చివరిదాకా మిగిలింది నలుగురే. గ్రూపులో థంబ్సప్ పెట్టడం వేరు, మూడో ఫ్లోర్ మెట్లెక్కడం వేరు. టేబుల్ పట్టుకుని నీళ్ల ఆఫీసుకి మూడుసార్లు పోతే మూడుసార్లూ సార్ ఫీల్డ్‌కెళ్లారు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, ట్రెజరర్ గారి దగ్గరున్నాయి, చూసుకోండి.

సి బ్లాక్ ఫారాలు ఇంకా రాలేదు, టేబుల్లో మీరు లేరు. ఆదివారంలోగా పంపండి, పెన్ను మేమే ఇస్తాం.

ఇట్లు,
కార్యదర్శి