ముహూర్తానికి ముందే నిలబడవలసిన చోటు

అమలాపురం

చిరంజీవి పెద్దమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అమ్మా, నాయనమ్మా, నేనూ క్షేమంగా ఉన్నాము. ఉద్యోగం మానుకుని మాఘమాసం నుంచి పెళ్ళి ఫొటోగ్రఫీనే వృత్తిగా పెట్టుకుంటానని నువ్వు రాసినది చదివాక, ఫోనులో నాలుగు మాటలతో తేల్చే విషయం కాదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నిన్ను వెనక్కి లాగే ఉద్దేశం నాకు లేదు. ఈ ఊళ్ళో ఒక స్టూడియోలో సహాయకుడిగా చేరిన నాటి నుంచి ఈ పనే మన ఇంటికి అన్నం పెట్టింది, నీ చదువుకు ఫీజులు కట్టింది. అయితే నీ ఉత్తరం నిండా కెమెరాలూ, లెన్సులూ, ఎడిటింగూ ఉన్నాయి గాని పెళ్ళి తంతు గురించి ఒక్క మాట లేదు. నేను చెప్పవలసినది సరిగ్గా అక్కడే ఉంది.

మన వైపు ముహూర్తమంటే జీలకర్ర-బెల్లం. శుభలేఖలో అచ్చు వేయించిన సమయం దానికే వర్తిస్తుంది. మాంగల్యధారణ ఆ తరువాత ఎంతో సేపటికి గాని రాదు. బయటి నుంచి పిలిపించిన కుర్రవాళ్ళు తాళి కోసం లెన్సులు సర్దుకుంటూ కూర్చుని, అసలు ముహూర్తాన్ని పోగొట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆ క్షణంలో ఏం జరుగుతుందో ముందే తెలిసి ఉండాలి. వధూవరులు ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యన తెర ఉంటుంది, పురోహితుడు గడియారం చూసుకుంటూ ఉంటాడు, ఆయన చెయ్యి ఎత్తగానే గట్టిమేళం అందుకుంటుంది, ఒకరి నడినెత్తిన ఒకరు జీలకర్ర-బెల్లం ఉంచుతారు, తెర దిగుతుంది, అదే నిమిషంలో మండపంలో ఉన్నవాళ్ళందరూ అక్షింతలతో లేచి నిలబడతారు. వాళ్ళు లేచిన తరువాత నీకు చోటు దొరకదు. అందుచేత పావుగంట ముందే పురోహితుడు కూర్చున్న వైపుకు ఎదురు పక్కన, ఇద్దరి ముఖాలూ పక్క నుంచి కనబడే చోట, వీలైతే చిన్న పీట మీద నిలబడి ఉండాలి. ఎత్తిన చేతులు ముఖాలకు అడ్డం రాని కోణం ప్రతి మండపంలోనూ ఒకటో రెండో మాత్రమే ఉంటుంది. దానిని మధ్యాహ్నం మండపం ఖాళీగా ఉన్నప్పుడే వెతికి పెట్టుకో. పెళ్ళికూతురిని బుట్టలో తీసుకువచ్చే మేనమామలతోనూ, మేళం వాళ్ళతోనూ, పురోహితుడు గారితోనూ ముందుగా నమస్కారం చేసి రెండు మాటలు మాట్లాడు. ఆ నలుగురూ నీ వాళ్ళయితే సగం పని అయినట్టే.

మాంగల్యధారణ దగ్గర ఇంకో చిక్కు ఉంది. పెళ్ళికొడుకు వంగి మూడు ముళ్ళు వేస్తుంటే జడ ఎత్తి పట్టుకునే ఆడపడుచూ, వెనక నుంచి తొంగిచూసే బంధువులూ కలిసి అతని చేతులను పూర్తిగా కప్పేస్తారు. ఆడపడుచుకు ఏ పక్కన నిలబడితే బాగుంటుందో ముందే మర్యాదగా చెప్పి ఉంచితే ఆవిడ సంతోషంగానే వింటుంది, ఎందుకంటే ఆ ఫొటోలో ఆవిడ కూడా ఉంటుంది. చెప్పి ఉంచడం మరిచిపోయినా, ఎవరో అడ్డం వచ్చినా, ఫ్లాష్ వెలగకపోయినా, నువ్వు చేయకూడని పని ఒకటుంది. కట్టిన తాళిని ఫొటో కోసం మళ్ళీ పట్టుకోమని పెళ్ళికొడుకును అడగవద్దు. పురోహితుడిని మంత్రం మధ్యలో ఆపవద్దు. ఈ మధ్య పెళ్ళిళ్ళలో ఇది మామూలైపోయింది. తలంబ్రాలు రెండు సార్లు పోయించడం, అప్పగింతలప్పుడు కన్నీళ్ళు పెట్టుకుంటున్న తల్లిని ఇటు తిరగమనడం, అగ్నిహోత్రం చుట్టూ ఏడడుగులు నడిచిన వాళ్ళను వెనక్కి పిలిచి మళ్ళీ నడిపించడం నేను చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. ఆ కుటుంబం ఆ ఘడియ కోసం జాతకాలు చూపించుకుని, పొలమో నగలో తాకట్టు పెట్టి, దూరదేశాల నుంచి మనుషులను రప్పించుకుని ఉంటుంది. మనకు డబ్బిచ్చి పిలిచింది ఆ ఘడియకు సాక్ష్యంగా ఉండమని. దానిని మన వీలును బట్టి జరపమని అడిగే అధికారం మనకు ఎవరూ ఇవ్వలేదు.

మన డెల్టాలో అన్ని పెళ్ళిళ్ళూ ఒక తీరున ఉండవన్న సంగతి కూడా మనసులో పెట్టుకో. ఒక కులంలో ముందు వచ్చే తంతు ఇంకొక కులంలో తరువాత వస్తుంది. స్నాతకం, కాశీయాత్ర కొందరికి ఉంటాయి, కొందరికి ఉండవు. చర్చిలో ప్రమాణాలు చెప్పేటప్పుడు ఫ్లాష్ వేయవద్దనే పాస్టరు గారు ఉంటారు. నిఖా దగ్గర పెళ్ళికూతురు వేరే గదిలో ఉండవచ్చు, అక్కడికి మగవాళ్ళను రానివ్వకపోవచ్చు. ప్రతి చోటా పెద్దవాళ్ళను ముందురోజే కలిసి, ఏ తంతు తరువాత ఏది వస్తుందో కాగితం మీద వరుసగా రాసుకుని జేబులో పెట్టుకోవాలి. నా దగ్గర అలా రాసుకున్న నోటు పుస్తకాలు ఒక అర నిండా ఉన్నాయి. అవి నీకే.

నేను పని నేర్చుకున్న కాలంలో యాషికా మ్యాట్ కెమెరాలో 120 సైజు ఫిల్ము రోలు వేస్తే పన్నెండు ఫొటోలే వచ్చేవి. 35 ఎంఎం రోలులో ముప్పై ఆరు. రోలు మార్చే ఆ నిమిషంలో పెళ్ళి ఆగేది కాదు గనుక, ఏ తంతుకు ముందు రోలు మార్చాలో, ఎన్ని ఫ్రేములు మిగిల్చుకోవాలో లెక్క వేసుకోవలసి వచ్చేది. కడిగించి చూసుకుంటే గాని ఏం పడిందో తెలిసేది కాదు. ఆ రోజులు మళ్ళీ రావాలని నేను అనను, నీకున్న సౌకర్యాలు మాకుంటే ఎంతో బాగుండేది. కాని ఎదురుచూడడం అనే అలవాటు మాకు ఆ పన్నెండు ఫ్రేములే నేర్పాయి. సెకనుకు పది పడే కెమెరాతో నువ్వు దానిని కావాలని నేర్చుకోవాలి.

వెలుతురు గురించి రెండు మూడు సంగతులు. మధుపర్కాలు కట్టుకున్న జంటను తీసేటప్పుడు ఆ తెలుపును చూసి కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోతుంది, ముఖాలు నల్లబడతాయి. ఒక స్టాపు వరకూ, అంటే వెలుతురు రెట్టింపయ్యేంత వరకూ, పెంచుకోవలసి వస్తుంది. నుదుటి మీది బాసికం నీడ కళ్ళ మీద పడుతుంది, కనుక ఫ్లాష్ మరీ పై నుంచి రాకూడదు. వేదిక వెనక పెట్టే ఊదా రంగు, నీలం రంగు లైట్లు పసుపు రాసిన ఒంటి మీద పడితే ఆ రంగును ఏ ఎడిటింగూ బాగుచేయలేదు. తంతు జరిగినంత సేపూ వాటిని తగ్గించమని డెకరేషన్ వాళ్ళను ముందే అడుగు. చవకరకం ఎల్ఈడీ లైట్లు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు వందసార్లు మినుకుతాయి. షట్టరు వేగం మరీ పెంచితే ఫొటోలో అడ్డంగా నల్లటి చారలు పడతాయి. అటువంటి చోట 1/100 సెకను దగ్గరో 1/50 సెకను దగ్గరో ఉంచితే చాలావరకు గండం గడుస్తుంది. హోమం పొగలో లెన్సును నిప్పుకు దగ్గరగా పెట్టకు, నెయ్యి చిట్లుతుంది. కోనసీమ గాలిలో తడి ఎక్కువ గనుక వానాకాలమంతా లెన్సులను గాలి చొరని డబ్బాలో తడిని పీల్చే సిలికా జెల్ వేసి దాచాలి, లేకపోతే అద్దానికి బూజు పడుతుంది.

ఇక ముసలివాళ్ళ సంగతి. ప్రతి పెళ్ళిలోనూ, ఎవరూ అడగకపోయినా, తాతలనూ అమ్మమ్మలనూ నాయనమ్మలనూ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, చెవులు రెండూ కనబడేలా, వెనక ఏ బొమ్మా లేని గోడ దగ్గర ఒక ఫొటో తియ్యి. ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్ళు పోయినప్పుడు ఆ ఇంటివాళ్ళు పరుగెత్తుకు వచ్చేది స్టూడియోకే. గుంపు ఫొటోలో మూడో వరుసలో సగం ముఖం కనబడుతున్న మనిషిని విడదీసి పెద్దది చేసి ఇమ్మంటారు. అటువంటి ఫొటోను బాగుచేస్తూ నేను ఎన్నో రాత్రులు కూర్చున్నాను. పెళ్ళిలో రెండు నిమిషాలు పట్టే పని అది.

1996 నవంబరు 6న వచ్చిన తుపాను నీకు గుర్తుండే వయసు కాదు. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి, ఇళ్ళ కప్పులు లేచిపోయాయి, ఎన్నో ఇళ్ళలో పెట్టెలతో సహా పెళ్ళి ఆల్బములు నానిపోయాయి. ఆ తరువాత నెలల తరబడి తడిసిన ఆల్బములు గుడ్డల్లో చుట్టుకుని మా స్టూడియోకి వచ్చేవారు. ఒకదానికొకటి అంటుకున్న ఫొటోలను ఎండలో పెట్టి పొడిగా లాగితే బొమ్మ ఊడి వస్తుంది; చల్లని మంచినీళ్ళలో నానబెట్టి మెల్లగా విడదీయాలి. కొన్ని దక్కాయి, చాలా దక్కలేదు. నెగెటివ్‌లను ఏడాది వారీగా కవర్లలో పెట్టి పై అటక మీద దాచడం వల్ల ఎంతోమందికి తిరిగి ప్రింట్లు వేసి ఇవ్వగలిగాము. ఆ ప్రింట్లకు మా యజమాని కాగితం ఖరీదు మాత్రమే తీసుకున్నారు, ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజుల్లోనే. నీకు నెగెటివ్‌లు లేవు గనుక ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. రెండు మెమరీ కార్డులు పట్టే కెమెరానే కొని, రెండింటిలోనూ ఒకేసారి పడేలా పెట్టుకో. పెళ్ళి నుంచి వచ్చిన రాత్రే, ఎంత అలసిపోయినా, రెండు వేర్వేరు డిస్కులలోకి ఎక్కించు. మూడో కాపీ మరో ఊళ్ళో ఉండాలి. అది మన ఇంటికి పంపు, నేను దాస్తాను. ఎన్నేళ్ళు దాస్తావో ఒప్పందంలోనే రాసి ఇవ్వు.

ఆడపిల్లవు కావడం వల్ల ఈ పనిలో నీకు నాకు దొరకనిది ఒకటి దొరుకుతుంది. మంగళస్నానం దగ్గరకూ, పెళ్ళికూతురి ముస్తాబు గదిలోకీ నన్ను ఎప్పుడూ రానివ్వలేదు, రానివ్వకపోవడమే మర్యాద. నిన్ను రానిస్తారు. అక్కడ తల్లీకూతుళ్ళు మాట్లాడుకునే మాటలూ, మేనత్త నగ సర్దే చేతులూ నువ్వు తీయగలవు. ఆ నమ్మకానికి తగినట్టు ఉండాలి. ఆ గదిలో తీసిన ఏ ఫొటో అయినా పెళ్ళికూతురు చూసి సరేనన్న తరువాతే ఎవరికైనా చూపించు. చట్టం కూడా ఆ వైపే ఉంది: 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద మొదటి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్న వాళ్ళదే. నీ పని నలుగురికీ చూపించుకోవడానికి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాలంటే ముందుగానే రాతపూర్వకంగా అనుమతి తీసుకో. పెద్ద డ్రోన్ ఎగరేయాలనుకుంటే 2021 నాటి నిబంధనలు చదువుకో. 250 గ్రాముల లోపుదానికి పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు; అంతకు మించినదాన్ని వ్యాపారానికి వాడితే కావాలి.

డబ్బు విషయంలో మొహమాటపడకు. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో ముహూర్తాలు ఉండవు. మౌఢ్యం వస్తే ఇంకా కొన్ని వారాలు పోతాయి. వైశాఖంలో ఒకే రాత్రి మూడు పెళ్ళిళ్ళు పిలుస్తాయి. వచ్చినప్పుడు వచ్చినదానిని ఏడాదికి పంచుకుని బతకాలి. ఖాళీ నెలలకు ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు ఒప్పుకో. అడ్వాన్సు తీసుకోకుండా తేదీ రాసుకోకు, ఆల్బమ్ ఇచ్చేటప్పుడు మిగిలినది తీసుకో. వీడియో వాళ్ళకూ, లైటు పట్టుకున్న కుర్రవాడికీ కూలి మాత్రం ఆ రాత్రే చేతిలో పెట్టు, పెళ్ళివారు నీకు డబ్బిచ్చినా ఇవ్వకపోయినా. వాడు నీతోపాటు తెల్లవార్లూ నిలబడ్డాడు.

తెల్లవారుజాము ముహూర్తం అయ్యాక కారు నడపవద్దు. మన ఊళ్ళ రోడ్లు కాలువ గట్ల మీద ఉంటాయి, కునుకు పడితే పక్కనే నీళ్ళు. పడుకోవడానికి తలుపుకు గడియ ఉన్న గది, నీతో వచ్చిన వాళ్ళకు మరొక గది ఇస్తారని ఒప్పందంలో రాయించు. అడిగితే ఏమనుకుంటారో అని ఆలోచించకు. గోదావరి జిల్లాల వాళ్ళు అడిగితే కాదనరు. భోజనం ముహూర్తానికి ముందే కానివ్వు.

పుష్యమాసంలో ఎలాగూ పెళ్ళిళ్ళు ఉండవు గనుక ఒక వారం సెలవు పెట్టుకుని ఇక్కడికి రా. మన పురోహితుడు గారితో మాట్లాడాను. గణపతి పూజ నుంచి అప్పగింతల వరకూ ఒక్కొక్క తంతూ, ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఏ మంత్రం తరువాత ఎవరు లేస్తారో వివరంగా చెబుతానన్నారు. కెమెరా అవసరం లేదు, నోటు పుస్తకం తెచ్చుకో. రైలు టికెట్టు రాజమండ్రి వరకూ తీసుకుంటే అక్కడికి నేను వస్తాను.

ఆశీస్సులతో,
నాన్న