చూరు కింద రంగులు

బుసాన్,
జనవరి 18

బాబాయి గారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. చలి బాగా ముదిరింది కానీ ఆకాశం నిర్మలంగా ఉంటోంది. బౌద్ధ ఆలయాల చూరు ఫోటోలు ఎలా తీస్తున్నావని అడిగారు కదా, ఈసారి తీరిగ్గా రాస్తున్నాను.

గుడి కొయ్యపనికి వేసే ఈ రంగులను కొరియాలో దాన్‌చంగ్ అంటారు. నీలం, ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు ప్రధానం. నాలుగు దిక్కులకు నాలుగు, నడుమకు పసుపు. స్తంభాలు ఎర్రగా ఉంటాయి. వాటిపైన దూలాలకు, వాసాలకు ముందు ఆకుపచ్చ పూత పూసి, దానిమీద పూలూ తీగలూ వేస్తారు. ఇది అలంకారం మాత్రమే కాదు. ఇక్కడి గుళ్ళు ఎక్కువగా పైన్ కొయ్యతో కట్టినవి. తేమ నుంచీ పురుగు నుంచీ దాన్ని కాచేది ఈ పూతే.

ఫోటోకు చిక్కల్లా వెలుగుతోనే. చూరు బాగా ముందుకు చాచి ఉంటుంది. వేసవి మధ్యాహ్నం ఆకాశానికి ఎక్స్‌పోజరు పెడితే కొయ్యంతా నల్లబడుతుంది, కొయ్యకు పెడితే ఆకాశం తెల్లగా కాలిపోతుంది. అందుకే నాకు చలికాలమంటే ఇష్టం. బొమోసా గుడి ముంగిట లేత రంగు ఇసుక నేల ఉంది. వాలు ఎండ ఆ నేల మీద పడి పైకి తిరుగుతుంది. మీరు స్టూడియోలో పెళ్ళికూతురి గడ్డం కింద థర్మోకోల్ అట్ట పట్టించినట్టే, నేల తానే చూరుకు వెలుగు అందిస్తుంది! అప్పుడు పొడవు లెన్సుతో దూరంగా నిలబడి ఒక్కొక్క వాసం కొసనే తీస్తాను.

ఆ కొసల్లో ఎంత పని ఉందో చూడాలి బాబాయి. ఒక్క రేకకే ఒకే రంగు మూడు చాయల్లో, లేత నుంచి ముదురుకు, పట్టీలుగా ఉంటుంది. చివరన తెల్ల గీత, నల్ల గీత. పెద్దది చేసి చూస్తే నల్ల గీతలో కుంచె ఎత్తి మళ్ళీ రంగు అద్దుకున్న చోటు కూడా తెలుస్తుంది. ముందు కాగితం మీద బొమ్మ గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, కొయ్యకు ఆనించి తెల్ల పొడి మూటతో తడతారు. పడిన చుక్కలే దారి. ఆ తర్వాత ఒక్కో రంగూ వరుసగా గుడంతా నింపుకుంటూ పోతారు.

అయినా నా మనసు పట్టేసింది రంగు వెలిసిన గుడి. బుసాన్‌కు దగ్గర్లోనే ఉన్న తొంగ్‌దోసా 646లో వెలసింది. ఇప్పుడున్న ప్రధాన మందిరం 1645లో తిరిగి కట్టినది. దాని బయటి రంగు చాలావరకు పోయి కొయ్య నార పైకి తేలింది. చూరు లోపలి మూలల్లో మాత్రం ఆకుపచ్చ, ఎరుపు పలచగా మిగిలాయి. ఎండ తగిలిన చోట పోయి నీడలో నిలిచిన ఆ రంగుల్ని చూస్తే, ఈ గుడికి కొత్త పూత వద్దనే అనిపిస్తుంది. మందిరంలో బుద్ధ విగ్రహం లేదు. వెనుక వేదిక మీద బుద్ధుని శరీర అవశేషాలైన ధాతువులు ఉన్నాయి, పూజ అటువైపే. లోపల నేను కెమెరా తీయలేదు.

కొత్త పూత మాటకొస్తే, సియోల్‌లోని సుంగ్నేమున్ ద్వారం 2008లో కాలిపోయింది. బాగుచేసి 2013 మేలో తెరిస్తే కొన్ని నెలలకే రంగు పెచ్చులూడింది. దానికి పాత పద్ధతిలోనే రంగు వేయాలనుకున్నారు, కానీ ప్రకృతి రంగులు, జంతు చర్మపు జిగురు వాడే ఆ పద్ధతి అప్పటికే దశాబ్దాలుగా వాడుక తప్పిపోయింది. చేయి తప్పిన పని తిరిగి రావడం ఎంత కష్టమో అని చాలా బాధపడ్డాను.

ప్రింట్లు వచ్చేవారం పంపుతాను. తొంగ్‌దోసావి విడిగా కట్టాను, వాటిలో ఏది పెద్దది చేయించాలో మీరే చెప్పాలి. ఈసారి అమరావతి వెళ్ళినప్పుడు మ్యూజియంలో అనుమతిస్తే రాతి పలకల మీది పద్మాలు తీసి పంపండి. ఇక్కడి దూలాల కొసల్లోనూ పద్మాలే. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని ఉంది. ఎండ ఏటవాలుగా పడే వేళే తీయండి.

పిన్నికి నా నమస్కారాలు.

మీ
రాధ