బెనెట్ గారిని వదిలేసి భార్యను ఆడిపోసుకుంటారేం?

సంపాదకులు గారికి,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో జేన్ ఆస్టెన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ మీద వ్యాసం వచ్చి రెండు వారాలు దాటింది. తెలిసినవాళ్ళెవరైనా జవాబు రాస్తారేమోనని ఆగాను. ఎవరూ రాసినట్టు లేదు, రాసినా మీరు వేసినట్టు లేదు. ఏళ్ళ తరబడి ఇంగ్లీషు పాఠం చెప్పిన ప్రాణం ఊరుకోక నేనే రాస్తున్నాను.

ముందు చిల్లర తప్పులు. రచయిత్రిని ‘శ్రీమతి ఆస్టెన్’ అన్నారు. ఆవిడ పెళ్ళే చేసుకోలేదు. పెళ్ళి గురించి రాసిన నవలను పరిచయం చేస్తూ రచయిత్రికి పెళ్ళయిందో లేదో చూసుకోకపోతే ఎలాగండీ? కథానాయకుడు డార్సీ ‘పదివేల పౌండ్ల ఆస్తిపరుడు’ అన్నారు. పదివేలు అతని ఆస్తి కాదు, ఏడాది రాబడి. కథానాయిక ఎలిజబెత్ తండ్రి బెనెట్ గారిది ఏడాదికి రెండు వేలు. ఈ తేడా తెలియకపోతే ఆ నవలలో సగం తెలియనట్టే. ఒకప్పుడు మీ పత్రికలో ప్రూఫులు చూసేవాళ్ళు ఉండేవారు. ఇప్పుడు ఆ పని ఎవరు చేస్తున్నారో, అసలు చేస్తున్నారో లేదో!

అసలు సంగతికి వస్తాను. ఆ నవల ‘డబ్బున్న పెళ్ళికొడుకుల కోసం వేట’ అట. వేటకే బయల్దేరిన మనిషి వల్లో పడ్డ రెండు చేపల్నీ మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తుందా? ఎలిజబెత్ మొదట దాయాది కాలిన్స్‌ను కాదంది. తండ్రి పోయాక ఆ ఇల్లూ పొలాలూ దక్కేది అతనికే. అతన్ని చేసుకుంటే తల్లికీ చెల్లెళ్ళకూ నీడ ఉండేది. తర్వాత ఏడాదికి పదివేలు వచ్చే డార్సీనీ మొహం మీదే వద్దంది. అతను ప్రేమిస్తున్నానంటూనే ఆమెవాళ్ళు తన స్థాయికి తగరని ఏకరువు పెట్టాడు కనక. ఇంకో పెళ్ళి మాట వస్తుందన్న హామీ ఏదీ లేదప్పటికి. గుణం అనేది ఇక్కడ కనబడుతుంది. పెళ్ళి తప్ప గతిలేని చోట నిలబడి కాదనడం మామూలు విషయమా? పెంబర్లీలో డార్సీ భవంతి చూశాకే ఆమె మనసు మారి చివరికి అతన్నే చేసుకుందని కొందరు దెప్పుతారు. ఆ మాట తన మీద తనే వేసుకుని నవ్వింది ఎలిజబెత్. ఆ మాత్రం వేళాకోళం కూడా మన వ్యాసకర్తలకు అర్థం కాదు.

ఇక ఎలిజబెత్ తల్లి మిసెస్ బెనెట్. ‘వాగుడుకాయ’, ‘అత్యాశాపరురాలు’ అంటూ ఒక పేరా నిండా తిట్టారు. బెనెట్ గారిని మాత్రం ‘చమత్కారి, పుస్తకప్రియుడు’ అని ఆకాశానికెత్తారు. నన్ను కలం పట్టించింది ఇదే.

లెక్కలు చూడండి. ఎస్టేటు మగ వారసుడికే చెందాలి, అది కట్టుబాటు. బెనెట్ గారికి అయిదుగురూ ఆడపిల్లలే. ఆయన కన్ను మూస్తే దాయాది కాలిన్స్ వచ్చి ఇల్లు స్వాధీనం చేసుకుంటాడు. భార్యకూ పిల్లలకూ కలిపి మిగిలేది అయిదు వేల పౌండ్లు. తల్లి పోయాక ఒక్కో పిల్ల వాటా వెయ్యి, దాని మీద నూటికి నాలుగు వడ్డీ, అంటే ఏడాదికి నలభై పౌండ్లు. (పెళ్ళి చేసుకోమని అడుగుతూనే కాలిన్స్ ఈ లెక్క అప్పజెబుతాడు, పైగా దీని గురించి ఎప్పుడూ దెప్పనని మాటిస్తాడు. ఇలాంటి పెళ్ళికొడుకుల్ని మనమూ చూశాం.) ఏటా రెండు వేలు వస్తుంటే ఈ తండ్రి కూతుళ్ళ కోసం దాచిందెంత? ఏమీ లేదు. కొడుకు పుడతాడు, వాడితో కలిసి కట్టుబాటు తెంపుకుందాం అనుకున్నాడు. కొడుకు పుట్టలేదు. అప్పుడిక దాచడానికి ఆలస్యమైపోయిందన్నాడు. పుస్తకాల గదిలో కూర్చుని భార్య మీద జోకులేశాడు.

ఆవిడకు పొదుపు చేతకాదు, నిజమే. నలుగురిలో ఏం మాట్లాడాలో తెలియదు, అదీ నిజమే. కానీ రేపు మన గతేమిటని ఆ ఇంట్లో పైకి అడిగిన మనిషి ఆవిడొక్కతే. పదిహేనేళ్ళ చిన్నకూతురు లిడియాను సముద్రతీర పట్నం బ్రైటన్ పంపొద్దని ఎలిజబెత్ మొత్తుకుంటే, పంపకపోతే ఇంట్లో ప్రశాంతత ఉండదన్నాడు తండ్రి. ఆ పిల్ల సైనికాధికారి వికమ్‌తో లేచిపోయాక తప్పు తనదేనని ఒప్పుకున్నాడు, ఆ వెంటనే ఈ బాధ త్వరగానే పోతుందిలే అని కూడా అన్నాడు! వికమ్ అప్పులు తీర్చి, డబ్బిచ్చి, తాళి కట్టించినంత పని చేసింది డార్సీ.

ఎలిజబెత్ కాదన్న కాలిన్స్‌ను చేసుకున్న ఆమె స్నేహితురాలు షార్లెట్‌ను ‘అమ్ముడుపోయిన స్త్రీ’ అనడం మరీ అన్యాయం. ఇరవై ఏడేళ్ళు, ఆస్తి లేదు, అందం లేదు. కాలిన్స్ ఎలాంటివాడో తెలిసే ఒప్పుకుంది. అక్క ముసలి కన్నెగా మిగిలి తమ నెత్తిన పడదని ఆమె తమ్ముళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. కాపురానికి వెళ్ళాక మొగుణ్ణి తోటపనికి ప్రోత్సహించి, తను కూర్చోడానికి వెనకవైపు గది ఎంచుకుంది, అతను ఊరికే ఊరికే రాకుండా. ఆ ఒక్క గది గురించి ఒక వ్యాసం రాయొచ్చు. రచయిత్రి సొంత బతుకే చూడండి. 1802 డిసెంబరులో ఆస్టెన్‌కు ఇరవై ఏడు నిండబోతుండగా ఒక ఎస్టేటు వారసుడు పెళ్ళి చేసుకుంటానన్నాడు. సాయంత్రం సరేనంది, తెల్లారి కాదంది. 1805లో తండ్రి పోయాక తల్లితో, అక్కతో కలిసి అన్నదమ్ముల సాయం మీద బతికింది. 1813లో ఈ నవల అచ్చయినప్పుడు దాని మీద ఆవిడ పేరు కూడా లేదు. హక్కులకు ముట్టింది 110 పౌండ్లు. అలాంటి మనిషి షార్లెట్‌ను తిట్టలేదు, మీ వ్యాసకర్త తిట్టారు.

‘ఇవన్నీ ఆనాటి ఇంగ్లండు సంగతులు, మనకెందుకు’ అని ముగించారు. అయ్యా, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా మన రాష్ట్రంలో వచ్చింది 1986లో. అదీ అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకే. ముందే మెడలో తాళి పడ్డ నా బోటివాళ్ళకు ఆ చట్టంలో చోటు లేదు. 2005లో కేంద్రం చట్టం సవరించేదాకా అంతే.

ఈ ఉత్తరం రాసేముందు పుస్తకం ఇంకోసారి చూద్దామని మా ఊరి గ్రంథాలయానికి వెళ్ళాను. ఇంగ్లీషు నవలల బీరువాకు తాళం. తాళంచెవి ఉన్నాయన డెప్యుటేషన్ మీద ఎక్కడో ఉన్నారట. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మాత్రం క్రమం తప్పకుండా వసూలవుతోంది. ఇన్‌ఛార్జిని అడిగితే ‘ఈ రోజుల్లో నవలలెవరు చదువుతున్నారు మేడమ్’ అని హాయిగా నవ్వాడు. సాక్షాత్తూ బెనెట్ గారే! ఆఫీసుకో బెనెట్ గారున్నారు మనకి. ఫిర్యాదు చేసినవాళ్ళే వాగుడుకాయలు. చివరికి మా పూర్వ విద్యార్థిని ఒకమ్మాయి తన కాపీ పంపింది. అందులోనూ మార్జిన్ నిండా గైడులోంచి ఎక్కించిన జవాబులే.

‘శ్రీమతి’కీ, పదివేలకూ వచ్చే ఆదివారం సవరణ వెయ్యండి. ఉత్తరం పొడవైందనుకుంటే గ్రంథాలయం గొడవ కత్తిరించుకోండి, అభ్యంతరం లేదు. బెనెట్ గారి లెక్క మాత్రం ఒక్క పౌండు తగ్గకుండా వెయ్యండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకురాలు